చువ్వకెక్కని తప్పు

ఆ కుట్టు కార్ఖానాలో సూపర్‌వైజరు అమ్మాయి చేత తిట్లు తినని మనిషి లేడు. ఆమె వయసు ఇరవై తొమ్మిది, ఎత్తు ఐదడుగులు, గొంతు మాత్రం వీధి చివరిదాకా. కోపం వచ్చే ముందు ముక్కుపుటాలు మూడుసార్లు ఎగరేస్తుంది, ఆ తర్వాత అందుకుంటుంది. అందుకే వెనకాల అందరూ ఆమెను కుక్కరు అంటారు. మూడో విజిలు తర్వాత మూత దగ్గర నిలబడకూడదని కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే చెప్పి పెడతారు.

అలాంటి కుక్కరు ఆ మంగళవారం పొద్దున, నూట ఇరవై కోటు చేతుల్ని ఒక్క దెబ్బతో చెడగొట్టిన మనిషి ఎదురుగా నిలబడి, ముక్కుపుట కూడా కదలకుండా, "పర్లేదమ్మగారూ, మీరేం కంగారు పడకండి" అంది.

ఆ చెడగొట్టిన మనిషికి, కత్తెర పిన్నికి, అరికాలి మంట నెత్తికెక్కింది.

పిన్ని ఆ కార్ఖానాలో కటింగ్ మాస్టరు. అరవై ఒకటి నిండాయి. ముప్ఫై ఆరేళ్ళుగా ఆ పొడవాటి బల్ల దగ్గరే నిలబడుతోంది. ఆస్పత్రుల్లో వేసుకునే కోట్లూ పంట్లాలూ కుట్టే చోటు అది. బట్టను అరవై పొరలుగా బల్ల మీద పరిచి, పైన నమూనా కాగితం అంటించి, కరెంటు కత్తితో ఒకేసారి కోస్తారు. కోతలో తప్పు జరిగితే ఒక కోటుతో పోదు, అరవై కోట్లకూ జరుగుతుంది. అందుకే ఆ బల్ల దగ్గర నిలబడే మనిషంటే కుట్టేవాళ్ళకు భయమూ భక్తీ. నిన్నటిదాకా కుక్కరు కూడా అందరిలాగే 'పిన్నీ' అని పిలిచేది, పిన్ని ఆలస్యం చేస్తే అందరి మీదా అరిచినట్టే అరిచేది. ఈ 'అమ్మగారు' ఇవాళే పుట్టింది.

జరిగింది ఇది. ఇన్నాళ్ళూ వచ్చిన బట్టకు లోపలి వైపూ పై వైపూ ఒకటే. కోటు చెయ్యి నమూనాను రెండుసార్లూ ఒకే వాటంగా గీసినా బాధ లేదు, ఒక ముక్కను బోర్లా తిప్పి కుడితే అదే ఎడమ చెయ్యి అవుతుంది. ఈసారి వచ్చిన కొత్త బట్టకు ఒక వైపే నీళ్ళంటని పూత ఉంది. తిప్పి కుడితే పూత లోపలికి పోతుంది. కాబట్టి ఒక నమూనాను తిప్పి గీయాలి. ఈ సంగతంతా బట్ట తానుకు గుచ్చిన చీటీలో రాసి ఉంది. పిన్ని ఆ చీటీ చదవలేదు. ఆ సమయానికి, పక్కన బట్ట పరుస్తున్న కటింగతనికి తన పెళ్ళి ఫోటోల కథ చెబుతోంది. ఫోటోగ్రాఫరు కెమెరాలో రీలు వేయడం మరిచిపోయాడట, ఇద్దరూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పళ్ళికిలించి నిలబడితే ఒక్క బొమ్మా రాలేదట. కథ మంచి పట్టులో ఉండగా కత్తి ఆన్ చేసింది.

కుట్టు విభాగంలో మొదటి కోటుకు చేతులు అతికించి బొమ్మకు తొడిగిన అమ్మాయి చాలాసేపు చూసి, "ఈ డాక్టరుగారికి రెండూ కుడి చేతులేనా?" అంది. నూట ఇరవై చేతులూ కుడి చేతులే.

ఆ కార్ఖానాలో తప్పు చేసినవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. కటింగ్ బల్ల పక్క గోడకు మూరెడు పొడుగు ఇనప చువ్వ, కొస పైకి వంచి ఉంటుంది. తప్పు కోసినవాళ్ళు ఆ పాడైన బట్ట నుంచి అరచేయంత ముక్క కత్తిరించి, దాని మీద తమ పేరు, తేదీ, ఎందుకు జరిగిందో పెన్నుతో రాసి, అందరి ముందూ గట్టిగా చదివి చువ్వకు గుచ్చాలి. అప్పుడు ఎవరైనా ఎంతైనా నవ్వొచ్చు, సూపర్‌వైజరు ఎంతైనా తిట్టొచ్చు. గుచ్చిన తర్వాత మాత్రం ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. చువ్వకెక్కిన తప్పు నోటికెక్కకూడదని పిన్నికి పని నేర్పిన పెద్ద మాస్టారు పెట్టిన నియమం. ఆయన పోయి ఇరవై ఏళ్ళయినా ఆ నియమం పోలేదు.

పోయిన నెలే, ఆ పెళ్ళి ఫోటోల కథ విన్న కటింగతను కాలర్లు అంగుళం పొట్టిగా కోశాడు. అతనికి ఇరవై ఆరేళ్ళు, చేసే ప్రతి పనీ రైలు తప్పిపోతుందన్నట్టు చేస్తాడని అందరూ తొందర అని పిలుస్తారు. కుక్కరు అతన్ని పావుగంట కడిగి ఆరేసింది. తొందర ముక్క గుచ్చాడు, మధ్యాహ్నానికి అందరితో కలిసి నవ్వుతూ తిన్నాడు. అయిపోయింది.

ఇవాళ పిన్ని ముక్క కోసి, పెన్ను చేతిలో పట్టుకుని నిలబడింది. తుమ్ము వచ్చే ముందు మనిషి ఎదురుచూస్తాడే, అలా తిట్టు కోసం ఎదురుచూసింది. కుక్కరు ఆమె చేతిలోంచి ఆ ముక్క మెల్లగా తీసుకుని, "ఇప్పుడివన్నీ ఎందుకండీ, మీరు కాసేపు కూర్చోండి" అని చెత్తబుట్టలో వేసింది.

మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పే గదిలోకి పిన్ని వెళ్ళేసరికి మాటలు ఆగిపోయాయి. కూర్చోగానే మళ్ళీ మొదలయ్యాయి, ఈసారి వర్షాల గురించి. ఒకామె లేచి తన కుర్చీ ఇవ్వబోయింది. ఇంకొకామె నీళ్ళు తెచ్చి పెట్టింది. గోడ అవతల బాటిల్ కడుక్కుంటున్నవాళ్ళ గొంతు మాత్రం స్పష్టంగా వినబడింది.

"పాపం పిన్ని. వయసు కదా."

"కళ్ళు కూడా తగ్గినట్టున్నాయి, పాపం."

రెండు వాక్యాల్లో రెండు పాపాలు. పిన్ని డబ్బాకు మూత పెట్టేసింది. తనకు దయ్యమంటే భయం లేదు, ఓనరంటే భయం లేదు, ఈ 'పాపం' అనే మాటంటే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. చువ్వకెక్కించని తప్పు ఇదిగో ఇలా గదులన్నీ తిరుగుతుంది. రేపు కుట్టు విభాగానికి, ఎల్లుండి ఆఫీసుకు, ఆ తర్వాత తన ఇంటి గుమ్మానికి వస్తుంది. వచ్చి బల్ల దగ్గర నుంచి తనను లేపేస్తుంది.

సాయంత్రం ఇంట్లో కూతురికి చెప్పింది. కూతురు స్కూల్లో లెక్కల టీచరు. ఎదురుగా పేపర్లు దిద్దుకుంటూ వింది.

"ఎవరూ ఏమీ అనలేదు కదమ్మా. మంచిదేగా. నీ బాధేంటో నాకర్థం కావట్లేదు."

"చిన్నప్పుడు నువ్వు గాజు గ్లాసు పగలగొడితే నేనేం చేశాను?"

"వీపు విమానం మోత మోగించావు."

"మీ తాతయ్య పగలగొడితే?"

కూతురు పెన్ను ఆపింది. "ఏమీ అనలేదు. మర్నాటి నుంచి స్టీలు గ్లాసులో ఇచ్చావు."

"అదీ. రేపు నాకు స్టీలు గ్లాసు ఇస్తారు, చూడు."

ఆ మాట అన్నాక పిన్నికి ఆ రోజు కళ్ళ ముందు మెదిలింది. తన తండ్రి ఆ స్టీలు గ్లాసును మొదటి రోజు చేతిలో తిప్పి తిప్పి చూసి, ఒక్క మాటా అనకుండా తాగేశాడు. అప్పుడు తనేదో మంచి పని చేశానని అనుకుంది. పెద్దాయనకు అడగడం చేతకాలేదు, తనకు ఆలోచించడం చేతకాలేదు. ఇప్పుడు ఆయనకు చెప్పుకోవడానికి ఆయన లేడు.

"నాకు నోరుంది" అంది పిన్ని, ఎవరూ అడక్కపోయినా. "నేను అడుగుతాను."

బుధవారం పొద్దున స్టీలు గ్లాసు రానే వచ్చింది. అది నల్లటి కుర్చీ రూపంలో, మెత్తటి దిండుతో, చక్రాలతో, ఇంకా ప్లాస్టిక్ కవరు తీయకుండా ఉంది. స్టోరు గదిలో గుండీల డబ్బాల పక్కన పెట్టారు. కుక్కరు కుర్చీ వీపు మీద చెయ్యేసి, అద్దె ఇల్లు చూపించే మనిషిలా నవ్వింది.

"ఇక్కడైతే మీకు సుఖంగా ఉంటుందమ్మగారూ. గుండీలు రంగుల వారీగా వేరు చేసి ఇస్తే చాలు. జీతంలో తేడా ఏం లేదు. రోజంతా నిలబడే పని ఉండదు."

"ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళంటే... ఇకమీదట."

"నేను ఇక్కడికొస్తే బల్ల దగ్గర ఎవరు?"

"తొందర చూసుకుంటాడు. ఆఫీసులో కూడా సరే అన్నారు. నిన్నటి రిపోర్టు చూసి వాళ్ళే..."

"ఏం రిపోర్టు?"

కుక్కరు నాలిక కరుచుకుంది. పిన్ని మెడలో వేలాడుతున్న కళ్ళజోడు ముక్కుకెక్కించి, "పద" అంది.

నష్టం రిపోర్టుల ఫైలు సూపర్‌వైజరు బల్ల మీదే ఉంది. అడ్డం వచ్చే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పిన్ని పేజీలు తిప్పింది. పోయిన నెల తొందర కాగితంలో, కారణం అనే గడిలో 'అజాగ్రత్త' అని కొట్టొచ్చినట్టు రాసి ఉంది. జిప్పులు తలకిందులుగా కుట్టినామె గడిలోనూ అజాగ్రత్తే. నిన్నటి కాగితంలో, తన పేరు పక్కన, అందమైన అక్షరాలతో 'వయసు రీత్యా' అని ఉంది.

పిన్ని దాన్ని రెండుసార్లు చదివింది. చూపు బాగానే ఉంది, మొదటిసారే సరిగ్గా చదివింది.

"ఇది కొట్టేసి అజాగ్రత్త అని రాయి."

"అమ్మగారూ, అజాగ్రత్త అని రాస్తే మీకు మాట వస్తుంది. నేను మీ మంచి కోసమే..."

"వాడు చేస్తే అజాగ్రత్త, నేను చేస్తే వయసా? అజాగ్రత్తైతే రేపు జాగ్రత్తపడతాను. వయసైతే రేపటికి ఇంకో రోజు పెరుగుతుంది, అంతే కదా. దానికి నేనేం చెయ్యను? మందుందా, మాయుందా? ఆ ఒక్క ముక్క రాసి నన్ను బతికుండగానే ఫోటో కట్టి దండేశావు."

కుట్టు మెషిన్లు ఒక్కొక్కటే ఆగాయి. కుక్కరు ముఖం పాలిపోయింది. ఆ పిల్ల చెడ్డది కాదు, అదే అసలు చిక్కు. చెడ్డదైతే పిన్ని ఎప్పుడో నాలుగు దులిపేసి వచ్చేది.

"మా అమ్మ వయసండీ మీది. మిమ్మల్ని ఎలా తిట్టను?"

"మీ అమ్మ ఇక్కడ బట్ట కోస్తోందా?"

"లేదు."

"మరి ఆవిణ్ణి ఇంట్లోనే ఉండనీ, ఇక్కడికి తీసుకురాకు. మొన్నటిదాకా నా మీద బాగానే అరిచేదానివిగా. ఒక్క తప్పుకే ముసలిదాన్ని చేసేశావు."

"ఆ కత్తి దగ్గర చెయ్యి జారితే? వేలు తెగితే ఎవరిది బాధ్యత?" ఈసారి కుక్కరు గొంతులో నిజమైన భయం ఉంది.

పిన్ని రెండు చేతులూ చాచి, పది వేళ్ళూ విప్పి ఆమె ముఖం ముందు పెట్టింది. "లెక్కపెట్టుకో. ముప్ఫై ఆరేళ్ళ తర్వాత పదికి పదీ ఉన్నాయి. ఇనప తొడుగు లేకుండా కత్తి ముట్టను. మీ తొందరకు రెండేళ్ళలో గోరు రెండుసార్లు తెగింది. మోకాళ్ళు నొప్పి, ఒప్పుకుంటాను. కళ్ళజోడు లేకపోతే సూదిలో దారం ఎక్కదు, ఒప్పుకుంటాను. వాటికి వయసనే రాసుకో, పోనీ పెద్దక్షరాలతో రాసుకో. ఇది మాత్రం వయసు కాదు. రా, చూపిస్తాను."

అంటూ విసవిసా కటింగ్ బల్ల దగ్గరికి నడిచి, చువ్వ మీది ముక్కలన్నీ దూసి బల్ల మీద పోసింది. ముప్ఫై ఆరేళ్ళ తప్పులు. తెల్లవి, నీలివి, ఆకుపచ్చవి, ఇప్పుడు వాడని రంగులవి. అందరూ చుట్టూ మూగారు. పిన్ని కోడి గింజలు ఏరినట్టు ఏరి ఐదు ముక్కలు వరసగా పరిచింది. అన్నిటికంటే అడుగుది పసుపు పట్టి, దారాలు లేచి ఉంది.

"చదువు, గట్టిగా."

కుక్కరు వంగి చదివింది. "జేబులు తలకిందులుగా కోశాను. కబుర్లు చెబుతూ చీటీ చూడలేదు." తేదీ చూసి తలెత్తింది. "అప్పటికి నేను పుట్టలేదు."

"నాకు ఇరవై ఐదు. తర్వాతది చదువు."

"నడుము పట్టీలు అడ్డంగా కోశాను. పాట పాడుతున్నాను, చీటీ చూడలేదు."

"ముప్ఫై రెండు. అప్పుడు గొంతు బాగుండేది."

మిగతా మూడూ అంతే. నలభైలో ఒకటి, నలభై ఏడులో ఒకటి, యాభై మూడులో ఒకటి. ఏదో కబురు, ఏదో నవ్వు, చూడని చీటీ. చివరిది చదివేసరికి కుట్టేవాళ్ళలో ఒకామె ఆపుకోలేక కిసుక్కుమంది. నిన్నటి నుంచి ఆ గదిలో ఎవరూ పిన్నిని చూసి నవ్వలేదు. ఆ చప్పుడుకు పిన్నికి ప్రాణం లేచొచ్చింది.

"చూశావా? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. ఇది నా బుద్ధి, ముసలితనం కాదు. ఇరవై ఐదేళ్ళప్పుడు నన్నెవరూ గుండీల దగ్గర కూర్చోబెట్టలేదు. పెద్ద మాస్టారు నన్ను ఏడిపించి, మళ్ళీ అదే బల్ల దగ్గర నిలబెట్టారు. ఇప్పుడూ నాకు అదే కావాలి. ఏడిపిస్తావో, అరుస్తావో నీ ఇష్టం. బల్ల మాత్రం వదలను."

అప్పుడు వెనక నుంచి ఒక చెయ్యి లేచింది. అది తొందరది.

"పిన్నీ, నేనొకటి చెప్పాలి." ఎప్పుడూ లేనిది, నెమ్మదిగా మాట్లాడాడు. "ఆ చీటీ నేను చదివాను. నమూనాలు రెండూ ఒకే వాటంగా ఉన్నాయని కూడా చూశాను."

"చూసి?"

"మీకు తెలియకుండా చేస్తారా అనుకున్నాను. మీకు చెప్పడానికి నేనెంత?"

పిన్ని కళ్ళజోడు సర్దుకుని అతని వంక చూసింది. నూట ఇరవై చేతులు కళ్ళ ముందు చెడిపోతుంటే ఈ పిల్లాడు తన మీద గౌరవంతో నోరు మూసుకున్నాడు. అరవై ఏళ్ళు దాటితే మనిషికి దండం పెడతారు గానీ నిజం చెప్పరన్న మాట. తిట్టు రాకపోవడం కన్నా ఇదే ఎక్కువ మండింది. అందులో తన పాపమూ ఉంది. బల్ల దగ్గర ఎవరైనా నోరెత్తితే 'నాకు చెప్పేవాడివా' అని ఎన్నిసార్లు నొక్కేసిందో తనకే తెలుసు.

"నీదీ ఒక ముక్క గుచ్చు" అంది. "కారణం దగ్గర మర్యాద అని రాయి."

ఈసారి గదంతా గొల్లుమంది. తొందర చెవుల దాకా ఎర్రబడి ముక్క కోసుకున్నాడు. పిన్ని తన ముక్క తాను కోసుకుని, బల్ల మీద పెట్టి రాసింది. నిలబడి, గొంతు సవరించుకుని చదివింది. "నూట ఇరవై చేతులూ కుడి చేతులుగా కోశాను. పెళ్ళి ఫోటోల కబుర్లు చెబుతూ చీటీ చూడలేదు. వయసు అరవై ఒకటి." వయసు అన్న మాట దగ్గర ఆగి కుక్కరు వంక చూసింది. "ఇది కారణం కాదు, వివరం." పాత తప్పులన్నీ ముందు ఎక్కించి, వాటిపైన తనది గుచ్చింది. దాని పైన తొందర 'మర్యాద' గుచ్చాడు.

 కుక్కరు తన బల్ల దగ్గరికి వెళ్ళి, ఫైలు తీసి, ఒక గీత గీసి, పైన ఏదో రాసింది. ఏం రాసిందో చూడ్డానికి పిన్ని వెళ్ళలేదు. వచ్చి చెప్పింది మాత్రం పని మాటే.

"అరవై ఎడమ చేతులు ఇవాళ సాయంత్రానికి కావాలి. ఆ తానులో మిగిలిన బట్ట సరిపోతుంది, వృథా చెయ్యడానికి మాత్రం లేదు. ఈసారి కూడా తేడా వస్తే ఆఫీసుకు నేనేం చెప్పలేను. మిమ్మల్నీ నన్నూ ఇద్దరినీ ఆ స్టోరు గదిలోనే కూర్చోబెడతారు."

"కుర్చీ ఒకటే ఉంది" అంది పిన్ని. "నువ్వే తీసుకో."

బట్ట పరవడం మొదలైంది. బల్ల ఆ కొస నుంచి తొందర, ఈ కొస నుంచి పిన్ని, పొర మీద పొర వేసి అరచేతులతో ముడతలు లాగారు. మోకాళ్ళు తమ సంగతి తాము చెబుతూనే ఉన్నాయి. పిన్ని వినలేదు. ముప్ఫయ్యో పొర దాటేసరికి చేతులు వాటి లయలో అవి పడ్డాయి, అరవై పొరలూ పరిచి పైన నమూనా కాగితం అంటించేసరికి నోరు కూడా దాని లయలో అది పడింది.

"ఇంతకీ ఆ ఫోటోగ్రాఫరు సంగతి పూర్తి చెయ్యలేదు కదూ. రీలు లేదని తెలిశాక మా ఆయన వాణ్ణి పట్టుకుని..."

బల్ల చివర కుక్కరు ముక్కుపుటాలు ఒకసారి ఎగిరాయి. రెండోసారి ఎగిరాయి. తొందర బట్ట వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. మూడోసారీ ఎగిరాయి.

"పిన్నీ! నోరు మూసుకుని చీటీ చదువుతారా, చదవరా? ఎన్నిసార్లు చెప్పాలి? నూట ఇరవై చేతులు తగలేసి ఇంకా బుద్ధి రాలేదా? ఇది కటింగ్ బల్లా, మీ ఇంటి వరండానా? ఆ ఫోటోగ్రాఫరు చచ్చినా బతికినా నాకనవసరం, చీటీ చదవండి ముందు! పైకి చదవండి! నాకు వినపడాలి!"

గోడలు మోగాయి. వీధిలో ఎవరో ఆగి లోపలికి తొంగి చూశారు. కుక్కరు తన గొంతు తానే విని ఒక్క క్షణం బెదిరింది, కానీ వెనక్కి తీసుకోలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని అలాగే నిలబడింది.

పిన్నికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవమానంతో కాదు. నిన్న పొద్దుటి నుంచి ఎదురుచూసిన తిట్టు ఇప్పటికి వచ్చింది. నాన్న గుర్తొచ్చాడు. ఆ రోజు ఆయన చేతికి మళ్ళీ గాజు గ్లాసే ఇచ్చి, 'ఈసారి పగిలిందంటే చూడు నీ పని' అని అరిచి ఉండాల్సింది.

కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుంది. తానుకు గుచ్చిన చీటీ తీసి, ఎడమ చేత్తో ఎత్తి పట్టుకుంది. బట్ట తయారు చేసిన మిల్లు పేరు దగ్గర మొదలుపెట్టి, వెడల్పు, పొడవు, ఉతికే పద్ధతి, ఒక్క అక్షరం వదలకుండా, కుక్కరుకు ఏమాత్రం తీసిపోని గొంతుతో చదివింది. "పూత ఒక వైపు మాత్రమే. నమూనా తిప్పి గీయాలి." చివరి మాట రెండుసార్లు చదివింది.

"తిప్పి గీశామా?" అంది తొందర వైపు తిరిగి.

తొందర వంగి, నమూనా కాగితాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలితో తడిమి చూశాడు.

"ఎక్కడ తిప్పారు పిన్నీ? మళ్ళీ కుడి చెయ్యే గీశారు!"

 పిన్ని వంగి చూసింది. ఎడమ చెయ్యే, శుభ్రంగా గీసి ఉంది. తలెత్తితే తొందర పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"మర్యాద తగ్గించమన్నారుగా" అన్నాడు.

"వెధవా!" అంది పిన్ని మనస్ఫూర్తిగా. ఇనప తొడుగు చేతికి ఎక్కించుకుని, కాళ్ళు రెండూ ఎడంగా పెట్టి నిలబడి, కత్తి ఆన్ చేసింది.